తెర మీది రంగు, కాగితం మీది రంగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే. కంప్యూటర్‌లో ఆర్‌జీబీగా (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్కలో) ఉన్న బొమ్మను సీఎంవైకేకు (అచ్చు వాడే సయాన్ అనే నీలి, మెజెంటా అనే గులాబి, పసుపు, నలుపు సిరాల లెక్కకు) మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూపించే సెట్టింగుల్లో ఏది ఎంచుకోవాలో చెప్పేవారు లేరని డిజైనర్లూ, డీటీపీ ఆపరేటర్లూ రాశారు. అందుచేత ఈసారి ఇతర విషయాల జోలికి పోకుండా రంగుల మార్పిడికి సంబంధించిన ఉత్తరాలనే తీసుకున్నాము. ఒకే సందేహాన్ని పలువురు పంపిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నేను ఫోటోషాప్‌లో శుభలేఖలు తయారుచేస్తాను. తెర మీద నిగనిగలాడే చిలకపచ్చ తోరణం సీఎంవైకేకు మార్చగానే వెలిసిపోతోంది. నిండు నీలపు అంచు వంకాయ రంగుకు తిరుగుతోంది. ప్రెస్ వారిని అడిగితే ‘సీఎంవైకే చేసి పంపండి, మిగిలింది మేము చూసుకుంటాము’ అంటున్నారు. కలర్ సెట్టింగ్స్‌లో ఏది మారిస్తే ఈ నష్టం ఆగుతుంది?
– ఒక డిజైనర్, రాజమహేంద్రవరం

జవాబు: ఈ నష్టంలో కొంత భాగాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు, మిగిలిన భాగం మీ చేతిలోనే ఉంది. ఈ రెంటినీ విడదీసి చూస్తే పని సులువవుతుంది.

ఆపలేని భాగం సిరాలకు సంబంధించినది. తెర తన వెలుగుతో పచ్చను చూపిస్తుంది. ప్రెస్సులో పచ్చ రావాలంటే నీలి సిరా మీద పసుపు సిరా పడాలి, ఆ రెండూ కాగితం మీద పడిన వెలుగులో కొంత మింగి మిగిలినదే తిప్పి పంపుతాయి. ఆర్‌జీబీలో 0, 255, 0 అనే శుద్ధమైన పచ్చను అమెరికన్ స్వాప్ ప్రొఫైల్ అనే రంగుల పట్టికతో మారిస్తే ఫోటోషాప్ దాదాపు సయాన్ 63, యెల్లో 100 అని ఇస్తుంది. ఆ సిరాలతో అంతకంటె మెరిసే పచ్చ రాదు కనుక సాఫ్ట్‌వేర్ తనకు చేతనైన దగ్గరి రంగును ఎంచింది. 0, 0, 255 అనే నీలం సుమారు సయాన్ 88, మెజెంటా 77 అవుతుంది. వంకాయ రంగు ఆ 77 శాతం మెజెంటా వల్లనే వస్తోంది. అచ్చులో నీలం నీలంగానే కనిపించాలంటే సయాన్ కంటె మెజెంటా కనీసం ముప్ఫై శాతం తక్కువగా ఉండాలి. మార్పిడి అయిన తరువాత అంచుకు సయాన్ 100, మెజెంటా 65 వంటి విలువలను చేత్తో ఇవ్వడమే ఇక్కడ సరైన వైద్యం.

ఇక మీ చేతిలో ఉన్న భాగం. ‘సీఎంవైకే చేసి పంపండి’ అన్న మాటలో సగం సమాచారమే ఉంది. ఏ కాగితానికి, ఏ యంత్రానికి చేసిన సీఎంవైకే అన్నది తేలనిదే ఆ నాలుగు అంకెలకు అర్థం రాదు. ఒకే 63–0–100–0 ఆర్ట్ పేపరు మీద ఒక పచ్చగా, మ్యాప్‌లిథో మీద మరొక పచ్చగా, న్యూస్‌ప్రింట్ మీద ఇంకొక పచ్చగా పడుతుంది. ఏ అంకెకు ఏ రంగు అని కొలిచి రాసిపెట్టిన పట్టికనే ప్రొఫైల్ అంటారు. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే రకం పట్టికలను చదవగలగాలన్న ఉద్దేశంతో అడోబీ, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ మొదలైన ఎనిమిది సంస్థలు 1993లో కలిసి ఐసీసీ అనే సంఘాన్ని నెలకొల్పాయి. ఈ ప్రొఫైళ్లను ఐసీసీ ప్రొఫైళ్లు అనడం అందుకే.

ఎడిట్ మెనూలో కలర్ సెట్టింగ్స్ తెరవండి. చాలా కంప్యూటర్లలో అక్కడ ‘నార్త్ అమెరికా జనరల్ పర్పస్ 2’ అనే అమరిక ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతుంది. దానిలో సీఎంవైకే గడిలో ఉండేది ‘యూఎస్ వెబ్ కోటెడ్ స్వాప్ వి2’. చుట్టల కాగితం మీద పత్రికలు అచ్చువేసే అమెరికా యంత్రాల కోసం తయారైన కొలత అది. షీట్లు వేసే ఆఫ్‌సెట్ యంత్రం మీద, ఆర్ట్ కార్డు మీద పడే మీ శుభలేఖకు దానితో సంబంధం లేదు. ప్రెస్ వారి దగ్గర సొంత ప్రొఫైల్ ఉంటే దాన్ని అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్న మేలు. లేదంటే, ఐరోపాలో ఆఫ్‌సెట్ ముద్రణకు ప్రమాణంగా చాలాకాలం వాడిన ‘కోటెడ్ ఫోగ్రా39’ను నునుపు కాగితానికి, ‘అన్‌కోటెడ్ ఫోగ్రా29’ను నునుపు లేని కాగితానికి ఎంచుకోవచ్చు. ఈ రెండూ ఫోటోషాప్ జాబితాలోనే ఉంటాయి. మీ ప్రెస్సుకు అవి అచ్చంగా సరిపోతాయని హామీ ఇవ్వలేము కాని, ఎవరూ ఎంచని అమరికకన్న ఆలోచించి ఎంచినది ఎప్పుడూ నయమే.

అదే పెట్టెలో ‘మోర్ ఆప్షన్స్’ నొక్కితే ఇంటెంట్ అనే గడి కనిపిస్తుంది. కొత్త కాగితంలో ఇమడని రంగులను ఏం చేయాలన్నది ఇది నిర్ణయిస్తుంది. రెలెటివ్ కలరిమెట్రిక్ ఇమిడే రంగులను ముట్టుకోకుండా ఉంచి, ఇమడని వాటిని హద్దు దగ్గరికి తెచ్చి ఆపుతుంది. పర్సెప్చువల్ మాత్రం మొత్తం రంగులను కొద్దికొద్దిగా దగ్గరికి జరిపి వాటి మధ్య తేడాలను కాపాడడానికి ప్రయత్నిస్తుంది. లోగోలూ, చర్మపు రంగులూ ఉన్న పనికి మొదటిదాన్ని, నిండు రంగుల పట్టుచీరల ఫోటోలకు రెండవదాన్ని వాడి చూడండి. ఎర్ర పట్టుచీర మడతల్లోని ఛాయలు మొదటి పద్ధతిలో ఒకే ఎర్రటి మచ్చగా కలిసిపోవడం తరచుగా కనిపిస్తుంది. బ్లాక్ పాయింట్ కంపెన్సేషన్ గడిలో టిక్ ఉంచండి. అది లేకుంటే రెలెటివ్ పద్ధతిలో నీడల్లోని వివరం మూసుకుపోతుంది.

మరొక మాట. ఇమేజ్ మెనూలో మోడ్‌కు వెళ్లి సీఎంవైకే అని నొక్కితే సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్‌నూ, ఇంటెంట్‌నూ ఎంచుకోనివ్వకుండా కలర్ సెట్టింగ్స్‌లో ఉన్నదాని ప్రకారం మార్చేస్తుంది. దానికి బదులు ఎడిట్ మెనూలోని ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ వాడితే ఏ ప్రొఫైల్‌కు, ఏ ఇంటెంట్‌తో మారుస్తున్నారో కళ్లెదుట కనిపిస్తుంది. అంతకు ముందు వ్యూ మెనూలోని ప్రూఫ్ సెటప్‌లో అదే ప్రొఫైల్‌ను ఎంచి కంట్రోల్, వై నొక్కితే ఫైలు ఆర్‌జీబీలో ఉండగానే అచ్చు ఎలా పడబోతోందో తెర మీద చూడవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, వై నొక్కితే సిరాలకు అందని చోట్లు బూడిద రంగులో తేలుతాయి. ఆ చోట్లలో రంగు గాఢతను మీరే తగ్గించుకుంటే తగ్గింపు మీ ఇష్టప్రకారం జరుగుతుంది. ఆర్‌జీబీ ఫైలును అలాగే భద్రపరచి, మార్పిడిని దాని నకలు మీద మాత్రమే చేయండి.

పెళ్లికార్డులకు వాడే ముత్యపు మెరుపు అట్టలకూ, గరుకు అట్టలకూ, రంగు అట్టలకూ పైన చెప్పిన ప్రొఫైళ్లేవీ వర్తించవు. ఆ అట్ట మీదే ఒక ప్రూఫ్ తీయించుకోవడం తప్ప దారి లేదు.

ప్రశ్న: కరపత్రాల్లో తెలుగు అక్షరాలు మసకగా, అంచుల వెంట ఎరుపు, నీలం చారలతో పడుతున్నాయి. ఒత్తులు ఉన్న చోట మరీ దారుణంగా ఉంటున్నది. అను ఫాంటు వాడినా, యూనికోడ్ ఫాంటు వాడినా ఇదే తంతు. ప్రెస్ వారు ఫైలుదే లోపం అంటున్నారు. కోరల్‌డ్రాలో పనిచేస్తాను.
– డీటీపీ ఆపరేటర్, వరంగల్

జవాబు: ప్రెస్ వారు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఫాంటుకు ఇందులో పాత్ర లేదు. మీ నలుపు ఆర్‌జీబీలో పుట్టిన నలుపు.

ఆర్‌జీబీలో 0, 0, 0గా ఉన్న నలుపును స్వాప్ ప్రొఫైల్‌తో మారిస్తే వచ్చేది సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90. మొత్తం 300 శాతం సిరా. ఫోటోలోని నీడకు ఇది తగినదే. తొమ్మిది పాయింట్ల అక్షరానికి మాత్రం ఒక్కో సిరాకు ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. కాగితం సాగడం వల్లనో, యంత్రం కుదుపు వల్లనో రిజిస్ట్రేషన్ కొద్దిగా తప్పినా అక్షరం పక్కన రంగు నీడలు తేలతాయి. ఇంగ్లిషు అక్షరానికంటె తెలుగు అక్షరానికి ఇది ఎక్కువ హాని చేస్తుంది. మన లిపిలో వంపులూ, సున్నలూ, కింద వేలాడే ఒత్తులూ, వాటి లోపలి చిన్న చిన్న ఖాళీలూ ఎక్కువ. ‘క్ష’, ‘ష్ట్ర’ వంటి అక్షరాల్లో ఆ ఖాళీలు నాలుగు సిరాలతో పూడిపోతే చదవడమే కష్టమవుతుంది.

చేయవలసినది ఇది. టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్ విభాగానికి వెళ్లండి. డిఫాల్ట్ సెట్టింగుల్లో ‘ప్రిజర్వ్ ప్యూర్ బ్లాక్’ అనీ, ‘మ్యాప్ గ్రే టు సీఎంవైకే బ్లాక్’ అనీ రెండు గడులు ఉంటాయి. రెండింటిలోనూ టిక్ పెట్టండి. మొదటిది మార్పిడి సమయంలో స్వచ్ఛమైన నలుపును నల్ల ప్లేటు మీదనే ఉంచుతుంది, రెండవది గ్రేస్కేల్ వస్తువులను నాలుగు రంగుల్లోకి చెదరగొట్టకుండా నల్ల సిరాకే అప్పగిస్తుంది. ప్రైమరీ కలర్ మోడ్‌ను సీఎంవైకేగా పెట్టుకుంటే కొత్తగా వేసే అక్షరాలు మొదటి నుంచీ 0–0–0–100గానే ఉంటాయి. డిఫాల్ట్ సెట్టింగుల మార్పు కొత్త ఫైళ్లకే వర్తిస్తుందనీ, ఇదివరకే చేసిన ఫైళ్లకు డాక్యుమెంట్ సెట్టింగ్స్ వేరుగా ఉంటాయనీ గుర్తుంచుకోండి. వర్డ్ నుంచి కాపీ చేసి అతికించిన పాఠం మాత్రం ఆర్‌జీబీ నలుపునే మోసుకొస్తుంది. దాన్ని ఎంపిక చేసి నల్ల రంగును మళ్లీ ఇవ్వండి.

రంగు నేపథ్యం మీద నల్ల అక్షరాలు ఉంటే ఓవర్‌ప్రింట్ (నేపథ్యపు రంగు మీదనే నలుపు పడే అమరిక) కూడా పెట్టాలి. లేకుంటే నేపథ్యంలో అక్షరం ఆకారంలో తెల్లటి రంధ్రం ఏర్పడి, రిజిస్ట్రేషన్ తప్పినప్పుడు ఆ తెలుపు బయటపడుతుంది. ఇన్‌డిజైన్‌లో జాబితాలో ముందే ఉండే నలుపు స్వాచ్ వాడితే ఓవర్‌ప్రింట్ దానంతట అదే వస్తుంది. పెద్ద పెద్ద నల్లని పట్టీలకు మాత్రం ఒంటి నల్ల సిరా చప్పగా, కాస్త బూడిదగా కనిపిస్తుంది కాబట్టి వాటికి 60–40–40–100 వంటి నిండు నలుపు ఇవ్వవచ్చు.

పీడీఎఫ్ తీసిన తరువాత అక్రోబాట్‌లో ‘అవుట్‌పుట్ ప్రివ్యూ’ తెరిచి నల్ల ప్లేటు గడిలో టిక్ తీసేయండి. పాఠమంతా మాయమైతే ఫైలు సరిగ్గా ఉన్నట్టు. లేత నీడగా మిగిలితే ఇంకా ఎక్కడో ఆర్‌జీబీ నలుపు ఉన్నట్టు. ప్లేట్లకు డబ్బు కట్టకముందే చేయగల ఈ పరీక్షను ఎంతోమంది పట్టించుకోరు.

ప్రశ్న: ఫోటోషాప్‌లో అసైన్ ప్రొఫైల్, కన్వర్ట్ టు ప్రొఫైల్ అనే రెండు ఆదేశాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటిలోనూ అవే పేర్లు కనిపిస్తాయి. తేడా ఏమిటి?
– లలితకళల విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ధరల పట్టీ మీద 100 అని మాత్రమే ఉందనుకోండి. పక్కన ‘రూపాయలు’ అని రాయడం అసైన్. ఆ రూపాయలకు సమానమైన డాలర్లెన్నో లెక్కగట్టి అంకెనే మార్చి రాయడం కన్వర్ట్. మొదటిదానిలో ఫైలులోని అంకెలు అలాగే ఉండి, వాటి అర్థం మారుతుంది. అందుకే అసైన్ చేయగానే తెర మీద రంగు మారుతుంది. రెండవదానిలో రంగు వీలైనంతవరకు అలాగే ఉండడం కోసం అంకెలు మారతాయి.

అసైన్ అవసరమయ్యేది రెండు సందర్భాల్లోనే: ఫైలుకు ప్రొఫైల్ లేనప్పుడు, లేదా తప్పు ప్రొఫైల్ తగిలించి ఉందని మీకు రూఢిగా తెలిసినప్పుడు. అడోబీ ఆర్‌జీబీలో తీసిన ఫోటో నుంచి ప్రొఫైల్ ఊడిపోతే, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపించినప్పుడు ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి. అక్కడ సాచురేషన్ పెంచడం తప్పు మందు. అడోబీ ఆర్‌జీబీని అసైన్ చేస్తే రంగు వెంటనే చక్కబడుతుంది. ఇటువంటి ఫైళ్లు తెరిచేటప్పుడే తెలియాలంటే కలర్ సెట్టింగ్స్‌లో పాలసీలను ‘ప్రిజర్వ్ ఎంబెడెడ్ ప్రొఫైల్స్’ వద్ద ఉంచి, ప్రొఫైల్ లేనప్పుడూ, తేడా ఉన్నప్పుడూ అడగమని చెప్పే గడుల్లో టిక్ పెట్టండి. ప్రతిసారీ ఒక హెచ్చరిక ఎదురవడం విసుగే కాని, దాన్ని చదవకుండా ఓకే నొక్కే అలవాటు మాత్రం చేసుకోకండి.

ప్రశ్న: మా దుకాణం ప్రకటనలు ఆర్ట్ పేపరు మీద బాగానే పడతాయి. అదే ఫైలు దినపత్రికకు ఇస్తే నగల ఫోటోలు నల్లబడి, బురద పూసినట్టు వస్తున్నాయి.
– నగల దుకాణం ప్రకటనల బాధ్యుడు, తెనాలి

జవాబు: ‘అదే ఫైలు’ ఇవ్వడమే ఇక్కడ చిక్కు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, సిరా చుక్క పరుచుకుంటుంది. పత్రికల ముద్రణకు అంతర్జాతీయంగా చాలాకాలం వాడుకలో ఉన్న ‘ఐఎస్ఓ న్యూస్‌పేపర్ 26వి4’ అనే ప్రొఫైల్ చుక్క పెరుగుదలను 26 శాతంగా లెక్కలోకి తీసుకుంటుంది, నాలుగు సిరాల మొత్తాన్ని 240 శాతానికి పరిమితం చేస్తుంది. ఆర్ట్ పేపరు కోసం తయారైన మీ ఫైలులోని నీడల్లో 300 శాతమో, అంతకు మించో సిరా ఉంటుంది. అంత సిరా పడితే న్యూస్‌ప్రింట్ మీద ఆరదు, అవతలి పుటకు అంటుకుంటుంది, వెనక పేజీలోకి కనిపిస్తుంది. బంగారు గొలుసు లోపలి నీడలు ముందుగా పూడిపోతాయి కనుక మీ సరుకుకు ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది.

పత్రిక ప్రకటనల విభాగాన్ని వారి ప్రొఫైల్ అడగండి. అది దొరికితే, ఆర్ట్ పేపరు సీఎంవైకే ఫైలు నుంచి కాకుండా అసలు ఆర్‌జీబీ ఫోటో నుంచి నేరుగా ఆ ప్రొఫైల్‌కు మార్చండి. ఒక సీఎంవైకే నుంచి మరొక సీఎంవైకేకు మారిస్తే నల్ల సిరా పాళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకడతారు కాబట్టి ధర రాసిన నల్ల అక్షరం కూడా నాలుగు రంగులవుతుంది. పైన వరంగల్ పాఠకునికి వచ్చిన ఇబ్బందే మీకూ వస్తుంది. అక్షరాలను ఫోటోలో కలపకుండా ఇన్‌డిజైన్‌లోనో, ఇల్లస్ట్రేటర్‌లోనో వేరుగా వేసుకోండి.

మార్పిడి తరువాత ఫోటోషాప్‌లోని ఇన్‌ఫో ప్యానెల్‌లో టోటల్ ఇంక్ చూపేటట్లు అమర్చి, అన్నిటికన్న చీకటి చోట కర్సర్ ఉంచండి. 240కి దగ్గరలో ఉంటే పంపవచ్చు. ఫోటోను కాస్త వెలుగుగా, మధ్య ఛాయల్లో కొంచెం ఎక్కువ వ్యత్యాసంతో ముందే సిద్ధం చేసుకుంటే ఇంకా మంచిది. బంగారం న్యూస్‌ప్రింట్ మీద తెర మీద మెరిసినట్టు మెరవదని మీ యజమానికి ముందుగా చెప్పి ఉంచడం కూడా మీ పనిలో భాగమే.

ప్రశ్న: ఇక్కడి తెలుగు సంఘం ఉత్సవ సంచికను హైదరాబాద్‌లోని మిత్రులు ఇన్‌డిజైన్‌లో పేజీలు పెడుతున్నారు, అచ్చు మాత్రం ఇక్కడే. ప్రెస్ వారు ‘పీడీఎఫ్ ఎక్స్-1ఎ గాని, ఎక్స్-4 గాని’ అన్నారు. ఏది మంచిది? ఎక్స్‌పోర్ట్ పెట్టెలోని అవుట్‌పుట్ భాగంలో మూడు రకాల మార్పిడులు కనిపిస్తున్నాయి.
– సంచిక సంపాదకవర్గ సభ్యురాలు, డల్లాస్

జవాబు: ముందుగా, మొదటి జవాబులో అమెరికా ప్రొఫైల్ వద్దన్నది మీకు వర్తించదు. మీ అచ్చు అమెరికాలోనే కనుక షీట్ల ఆఫ్‌సెట్ అయితే ‘కోటెడ్ గ్రాకోల్ 2006’ సాధారణంగా సరిపోతుంది. ప్రెస్ వారిని ఒకమాట అడిగి, హైదరాబాద్‌లోని మిత్రులు ఆ పేరునే కలర్ సెట్టింగ్స్‌లో పెట్టుకునేలా చూడండి. పేజీలు పెట్టే ఇద్దరు ముగ్గురి కంప్యూటర్లలో ఈ అమరిక వేరువేరుగా ఉంటే ఒకే సంచికలో ఒక్కో వ్యాసం ఒక్కో తీరుగా తేలుతుంది. అడోబీ బ్రిడ్జ్‌లోని కలర్ సెట్టింగ్స్ నుంచి ఒక కంప్యూటర్‌లోని అడోబీ సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఒకే అమరికను ఒకేసారి ఇవ్వవచ్చు. ఆ అమరికను ఒక ఫైలుగా భద్రపరచి మిగిలినవారికి పంపవచ్చు.

ఈ రెండూ అచ్చు కోసం ఏర్పరచిన పీడీఎఫ్ రకాలు. ఎక్స్-1ఎ అంటే మార్పిడి మొత్తం మీ దగ్గరే జరిగిపోతుంది. పీడీఎఫ్‌లో సీఎంవైకే, స్పాట్ రంగులు (విడిగా ప్రత్యేక సిరాతో వేసేవి) తప్ప ఆర్‌జీబీ మిగలదు, పారదర్శకతలన్నీ చదును చేయబడతాయి. ఎక్స్-4లో ఆర్‌జీబీ ఫోటోలు తమ ప్రొఫైళ్లతో సహా ప్రయాణిస్తాయి, మార్పిడి ప్రెస్సులో జరుగుతుంది. ప్రెస్ వారి పద్ధతి కొత్తదై, వారు ఎక్స్-4ను ఇష్టపూర్వకంగా కోరితే అదే ఇవ్వండి. ‘రెండిటిలో ఏదైనా ఫరవాలేదు’ అన్న మాట మీద మాత్రం నాకు కొంచెం అనుమానం. అటువంటప్పుడు మార్పిడిని మీ కళ్ల ముందే ముగించే ఎక్స్-1ఎ వైపే మొగ్గుతాను.

మూడు రకాల మార్పిడుల్లో ‘నో కలర్ కన్వర్షన్’ ఏదీ మార్చదు. ‘కన్వర్ట్ టు డెస్టినేషన్’ అన్నిటినీ, 0–0–0–100 నలుపుతో సహా, మార్చే ప్రమాదం ఉంది. ‘కన్వర్ట్ టు డెస్టినేషన్, ప్రిజర్వ్ నంబర్స్’ ఆర్‌జీబీ ఫోటోలను గమ్యానికి మార్చి, ప్రొఫైల్ లేని సీఎంవైకే అంకెలను ముట్టుకోదు. మీరు ఎంచవలసినది ఈ మూడవదే. సంచికకు వచ్చే ఫోటోలు సభ్యుల ఫోన్ల నుంచి వస్తాయి కనుక, వాటిని ఒక్కొక్కటిగా ఫోటోషాప్‌లో సీఎంవైకే చేసే శ్రమ పెట్టుకోకుండా ఆర్‌జీబీగానే పేజీల్లో పెట్టి, చివరిలో పీడీఎఫ్ తీసేటప్పుడు ఒకేసారి మార్చడం శ్రేయస్కరం. ఐఫోన్ల వంటి కొన్ని కొత్త ఫోన్లు తీసే ఫోటోలు డిస్‌ప్లే పి3 అనే, ఎస్‌ఆర్‌జీబీకంటె విశాలమైన ప్రొఫైల్‌తో వస్తాయి. ఎవరైనా మధ్యలో ఆ ప్రొఫైల్‌ను తొలగించి పంపితే రంగులు చప్పబడతాయి. వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమని అందరికీ చెప్పండి. అప్పుడు ఫైలు కుదించబడకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ప్రశ్న: ఫ్లెక్స్ కోసం చేసిన డిజైన్‌నే జేపీజీగా తీసి వాట్సాప్‌లో పెడితే కాంతి లేకుండా ఉంటోంది. మోడ్‌ను తిరిగి ఆర్‌జీబీకి మార్చినా ప్రయోజనం లేదు.
– ఫ్లెక్స్ దుకాణదారుడు, ఖమ్మం

జవాబు: సీఎంవైకేలోకి వెళ్లినప్పుడు పోయిన కాంతి తిరుగు ప్రయాణంలో రాదు. డిజైన్‌ను ఆర్‌జీబీలోనే మొదలుపెట్టండి. ఫోన్ల కోసం ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’లో ఎస్‌ఆర్‌జీబీకి మార్చే గడిలోనూ, ప్రొఫైల్ జతచేసే గడిలోనూ టిక్ పెట్టి జేపీజీ తీయండి. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ పాతబడినా ఏ తెర మీదైనా నమ్మకంగా కనిపించేది ఇప్పటికీ అదే. ఫ్లెక్స్ యంత్రాన్ని నడిపే రిప్ సాఫ్ట్‌వేర్‌కు దాని సొంత ప్రొఫైల్ ఉంటుంది. మీరు ఆఫ్‌సెట్ సీఎంవైకే చేసి ఇస్తే అది దాన్ని మరోసారి మారుస్తుంది. ఆర్‌జీబీ టిఫ్ ఇచ్చి ఒక చిన్న ముక్క కొట్టి చూడండి. నాయకుల చొక్కాల తెలుపులో నీలి ఛాయ తగ్గితే ఆ పద్ధతినే కొనసాగించవచ్చు.

ప్రశ్న: ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఈ పనులు చేయవచ్చునా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: చేయవచ్చు. జింప్ లోపల ఇప్పటికీ ఆర్‌జీబీలోనే పనిచేస్తుంది. అయితే 2025 మార్చిలో వచ్చిన 3.0లో సీఎంవైకే ప్రొఫైల్‌తో ప్రూఫ్ చూడడమూ, టిఫ్, జేపీజీలను సీఎంవైకేలో ఎగుమతి చేయడమూ వీలవుతుంది. క్రిటాలో నేరుగా సీఎంవైకేలో గీయవచ్చు. పుస్తకం పేజీలు పెట్టడానికి స్క్రైబస్ తీసుకోండి, అది ఐసీసీ ప్రొఫైళ్లనూ, పీడీఎఫ్ ఎక్స్ ఎగుమతినీ చాలాకాలంగా నిర్వహిస్తోంది. అడోబీ ప్రొఫైళ్లు వీటితో రావు కనుక ప్రొఫైల్‌ను వేరుగా తెచ్చి పెట్టుకోవాలి. కాన్వాలో పనిచేసేవారికి సీఎంవైకే పీడీఎఫ్ డౌన్‌లోడ్ డబ్బు కట్టిన ఖాతాలోనే ఉంటుంది.

ప్రశ్న: మా మిఠాయి దుకాణం గుర్తు పాంటోన్ ఆరెంజ్ 021. ఒక ప్రెస్సులో అట్టపెట్టెల మీద ఒకలా, మరొక ప్రెస్సులో సంచుల మీద మరొకలా వస్తోంది. ఫైలు ఒకటే.
– దుకాణం యజమాని, కాకినాడ

జవాబు: ఆరెంజ్ 021 పాంటోన్ అనే సంస్థ రంగుల పద్ధతిలోని మూల సిరాల్లో ఒకటి. నాలుగు సిరాలతో ఆ రంగు రాదు, దాని దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. రెండు ప్రెస్సులూ మీ స్పాట్ రంగును నాలుగు రంగులుగా మార్చి ఉంటాయి, అదీ వేరువేరు లెక్కలతో. సాఫ్ట్‌వేర్ ఆ రంగు ల్యాబ్ విలువను (ఏ యంత్రంతోనూ సంబంధం లేని రంగు కొలతను) తీసుకుని ప్రొఫైల్ ద్వారా మార్చవచ్చు, లేదా పాత పుస్తకంలో రాసి ఉన్న సీఎంవైకే పాళ్లను తీసుకోవచ్చు. ఈ రెండు దారులూ ఒకే నారింజకు చేరవు. పైగా 2022 నవంబరు తరువాత అడోబీ సాఫ్ట్‌వేర్లలో చాలా పాంటోన్ పుస్తకాలు తొలగిపోయి, వాటి కోసం వేరుగా చందా కట్టవలసి వస్తోంది. దాంతో ఒకరి దగ్గర ఉన్న పుస్తకం మరొకరి దగ్గర ఉండటం లేదు.

మీకు రెండు మార్గాలున్నాయి. ఐదవ సిరాకు ఖర్చు పెట్టగలిగితే స్పాట్ రంగును స్పాట్‌గానే ఉంచమని రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే అట్ట మీద మూడు నాలుగు సీఎంవైకే పాళ్లను పక్కపక్కన అచ్చువేయించి, పగటి వెలుగులో చూసి, నచ్చిన పాళ్లను ఎంచి, లోగో ఫైలులో స్పాట్ రంగును తీసివేసి ఆ అంకెలనే శాశ్వతంగా పెట్టండి. సంచుల కాగితం వేరు కనుక దానికి వేరే పాళ్లు కావలసి రావచ్చు, అది మామూలే. మొదటి మార్గాన్ని ఎంచుకుంటే మాత్రం పీడీఎఫ్ తీసేవారు ఇంక్ మేనేజర్ తెరిచి, ‘ఆల్ స్పాట్స్ టు ప్రాసెస్’ గడి ఖాళీగా ఉందో లేదో చూడాలి. అందులో టిక్ ఉంటే మీరు డబ్బు కట్టిన ఐదవ ప్లేటు తయారే కాదు.